ఫ్లాష్ వెలిగింది... ఫొటో సగమే!

ఫొటోలో అడ్డంగా నల్లటి పట్టీ పడితే అందరి అనుమానమూ వైర్‌లెస్ ట్రిగ్గర్ మీదే. మా చెల్లి పెళ్లిలో జీలకర్ర-బెల్లానికి పది నిమిషాలుందనగా అదే జరిగింది. ఫొటోగ్రాఫర్ కుర్రాడు బ్యాటరీలు మార్చాడు, ఛానల్ మార్చాడు. పట్టీ పోలేదు. స్టాండు మీది ఫ్లాష్ మాత్రం చక్కగా వెలుగుతూనే ఉంది!

వెలిగిందంటే ట్రిగ్గర్ తన పని చేసినట్టే. తిరకాసంతా షట్టర్‌లో ఉంది. దానికి రెండు తెరలు. ఒకటి తెరుచుకుంటుంది, వెనకే రెండోది మూసుకుంటుంది. చాలా కెమెరాల్లో సెకనులో 200వ వంతు, కొన్నింట్లో 250వ వంతు దాకా, రెండూ పక్కకు తప్పుకునే క్షణమొకటి ఉంటుంది. ఫ్లాష్ అప్పుడే మెరవాలి. వేగం అంతకు మించితే మొదటిది పూర్తిగా తెరుచుకోకముందే రెండోది బయల్దేరుతుంది. అది అడ్డొచ్చిన మేరా చీకటే. హై-స్పీడ్ సింక్ ఉన్న ఫ్లాషులకైతే ఈ గొడవ లేదు, కాకపోతే వెలుగు తగ్గుతుంది. పైగా రేడియో ట్రిగ్గర్ రవ్వంత ఆలస్యం చేస్తుంది.

అదృష్టం, పాత స్టూడియో ఆయనొకరు పెళ్లికొచ్చారు. ‘‘స్పీడెంత బాబూ?’’ అన్నారు. 400. ‘‘160కి దించు.’’ ముహూర్తం దక్కింది.

అసలు ఫ్లాషే వెలగకపోతే మాత్రం అప్పుడు చూడాలి బ్యాటరీలు, రెండువైపులా ఒకే ఛానలుందో లేదో. అవీ బాగుంటే కెమెరా హాట్‌షూని పొడిగుడ్డతో తుడవాలి. మండపంలో పసుపూ కుంకుమా ఊరికే ఉంటాయా మరి!