డ్రైవరుకు వినిపించని కూత

ప్రాక్టీసు విరమించడానికి మూడేళ్ల ముందు ఒక మధ్యాహ్నం మదనపల్లెలోని నా క్లినిక్‌కు ఒక లారీ డ్రైవరు వచ్చాడు. వయసు యాభై రెండు. పుంగనూరు దగ్గర పల్లె. ఇరవై ఏడేళ్లుగా లారీ తోలుతున్నాడు. ఎక్కువగా మదనపల్లె మార్కెట్టు నుంచి చెన్నైకి టమాటా లోడు. ఒంట్లో ఏ బాధా లేదన్నాడు. మరెందుకు వచ్చావప్పా అని అడిగితే కొంత సంకోచించి చెప్పాడు. యజమాని కొత్త లారీ కొన్నాడు. యజమాని పెట్టిన వేగం హద్దు దాటితే అందులో సన్నగా ఒక కూత వస్తుంది. అదే క్షణంలో యజమాని ఫోనుకు సందేశం వెళుతుంది.

"కూత కూసినా లెక్క చేయలేదని ఓనరు రోజూ తిడతాండాడు సార్. మా క్లీనరు పిల్లోడికి ఆ కూత ఇనబడతాది. నాకే ఇనబడదు."

నాకు నవ్వు వచ్చింది. నేను మామూలు గొంతుతో అడుగుతున్న ప్రతి మాటకూ అతను తడుముకోకుండా జవాబు చెబుతున్నాడు. ఇది యజమాని తిట్లను తప్పించుకునే సాకు అనుకున్నాను. అయినా ఎందుకో నా చేతికున్న డిజిటల్ గడియారం విప్పి, అలారం మోగించి, అతని కుడిచెవి దగ్గర పెట్టాను. అతను ఎదురుగా గోడకున్న క్యాలెండరును చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, "ఏం పెట్టినారు సార్ చెవికాడ?" అని అడిగాడు. తలుపు దగ్గర నిలబడిన క్లీనరు కుర్రవాడు నోరు మూసుకుని నవ్వాడు. నేను మాత్రం నవ్వు మానేశాను.

మరుసటి రోజు ఆడియోమెట్రీ చేయించాము. వినికిడి రేఖ మాటల స్థాయి దగ్గర దాదాపు సమంగా సాగి, 4000 హెర్ట్జ్ దగ్గర బావిలోకి దిగినట్టు దిగింది. రెండు చెవులలోనూ అంతే. కిటికీ వైపు ఉండే కుడిచెవిలో మరికొంత ఎక్కువ. దీర్ఘకాలం పెద్ద శబ్దంలో పనిచేసినవారి చెవికి తొలుత జరిగే నష్టం ఇదే. 85 డెసిబెల్స్‌కు మించిన శబ్దంలో రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏళ్ల తరబడి గడిపితే లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలు నశిస్తాయి. నశించినవి మళ్లీ మొలవవు. మొదట పోయేవి సన్నని, ఎత్తైన ధ్వనులను పట్టే కణాలు. మాటలలోని ప్రధాన ధ్వనులు అంతకన్నా కింది స్థాయిలో ఉంటాయి గనుక మనిషి మాటలు వింటూనే ఉంటాడు. తనకు లోపముందని తనకే తెలియదు. డాష్‌బోర్డులలో అమర్చే చిన్న బజర్ల కూత సాధారణంగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. గడియారం అలారం కూడా దాదాపు ఆ పై స్థాయిలోదే. పాత లారీలో ఇంజను పక్కన, తెరిచిన కిటికీ దగ్గర, ఎదురు వాహనాల ఎయిర్ హారన్ల మధ్య ఇరవై ఏడేళ్లు కూర్చున్న మనిషిని కాపాడటానికి, అతని చెవి కోల్పోయిన ధ్వనినే ఎంచుకున్నారన్నమాట!

ఆ సాయంత్రం నన్ను కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. రవాణా వాహనం నడిపేవారు లైసెన్సుతో పాటు ఫారం 1ఏ అనే వైద్య ధ్రువపత్రం సమర్పించాలి. అప్పట్లో లైసెన్సును మూడేళ్లకొకసారి పునరుద్ధరించేవారు. 2019 చట్ట సవరణ తరువాత అది ఐదేళ్లయింది. ఆ ఫారంలో చూపు గురించి, ఎరుపు ఆకుపచ్చ రంగులను గుర్తించడం గురించి, రేచీకటి గురించి ప్రశ్నలుంటాయి. మామూలు ధ్వని సంకేతాలను వినలేనంత చెవుడు ఉన్నదా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. అంతకు ముందు ఏడాది ఈ డ్రైవరుకు ఆ ప్రశ్న ఎదుట 'లేదు' అని రాసి సంతకం చేసినవాడిని నేనే. ఎలా పరీక్షించాను? బల్లకు అవతల కూర్చోబెట్టి, ఊరేది, పిల్లలెందరు అని అడిగాను. చెప్పాడు. అదే పరీక్ష. వరుసలో ఇంకా పదిమంది ఉన్నారు.

ఇక ఆ యంత్రం సంగతి. కేంద్ర మోటారు వాహన నియమాలలో 118వ నియమం వేగ నియంత్రకానికి సంబంధించినది. 2015 సవరణ ప్రకారం ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి తయారైన రవాణా వాహనాలలో చాలావాటికి గంటకు 80 కిలోమీటర్లకు మించనివ్వని స్పీడ్ గవర్నరు ఉండాలి. ట్యాంకర్లకు, డంపర్లకు, స్కూలు బస్సులకు ఆ హద్దు 60. లారీ 80 చేరగానే ఆ పరికరం ఇంజనుకు ఇంధనం తగ్గిస్తుంది. డ్రైవరు యాక్సిలరేటరు ఎంత తొక్కినా వేగం పెరగదు. హెచ్చరిక కూత వేరు. అది చెబుతుంది తప్ప ఆపదు. వినేవాడు ఉంటేనే దానికి విలువ.

ఇరవై కిలోమీటర్ల తేడాతో ఏమవుతుందని చాలామంది అడుగుతారు. 60 నుంచి 80కి వేగం పెరిగేది మూడోవంతే అయినా తాకిడి శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక సుమారు 78 శాతం పెరుగుతుంది. గంటకు 80 వేగంలో ఉన్న డ్రైవరు ప్రమాదాన్ని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర పడితే ఆలోగానే లారీ 33 మీటర్లు ముందుకు పోతుంది. ఆపైన ఆగడానికి పట్టే దూరం వేరు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో 71 శాతం మరణాలకు అతివేగాన్నే కారణంగా నమోదు చేశారు. ఆ పట్టికలో నిద్రలేమి, చెవుడు కనిపించవు. పోలీసు రాసే కాగితంలో అతివేగం అన్న మాట సులువుగా ఇముడుతుంది.

నేను ఆదివారాలు హార్స్లీ హిల్స్‌కు వెళుతుంటాను. 1,200 మీటర్లకు పైగా ఎత్తున్న ఆ కొండ నుంచి దిగి వచ్చిన వాహనాలు కింద ఆగినప్పుడు బ్రేకుల కాలిన వాసన ముక్కుకు తగులుతుంది. కొండదారి దగ్గర గవర్నరు పెద్దగా ఆదుకోదని ఆ వాసనే చెబుతుంది. ఎక్కేటప్పుడు దాని అవసరం లేదు; లోడు లారీ ఎటూ పాకుతూనే పోతుంది. దిగేటప్పుడు బండిని లాగేది ఇంజను కాదు, కొండ. ఇంధనం తగ్గించినంత మాత్రాన కొండ ఆగుతుందా? డీజిలు కలిసివస్తుందని న్యూట్రల్‌లో దించేవారున్నారు. అప్పుడు భారమంతా బ్రేకుల మీదే పడి, అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. పలమనేరు దాటాక వచ్చే మొగిలి ఘాట్‌లో 2024 సెప్టెంబరులో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని పలువురు మరణించిన సంగతి మన ప్రాంతంవారు మరచిపోలేదు. మా డ్రైవరు చెన్నైకి రోజు విడిచి రోజు దిగేది ఆ ఘాట్‌లోనే. "ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాల సార్. అది మా గురువు చెప్పిన మాట. కూత లేని కాలంలోనే నేర్చుకున్యా" అన్నాడు. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

అతని లెక్కలో మరొక వాస్తవం కూడా ఉంది. టమాటా ఆగదు. మదనపల్లెలో వేలం ముగిసి, లోడు ఎత్తి, బండి కదిలేసరికి పొద్దు వాలుతుంది. తెల్లవారే లోపు చెన్నై మార్కెట్టు చేరకపోతే ధర పడిపోతుంది. ఆలస్యానికి బాధ్యుడు డ్రైవరే. అందుకే కొందరు గవర్నరు ఫ్యూజును పీకి జేబులో వేసుకుంటారని అతనే చెప్పాడు.

ఐరోపా దేశాలలో పరిష్కారాన్ని మరోలా ఆలోచించారు. అక్కడ 2006 మే నుంచి కొత్త భారీ లారీలలో డిజిటల్ టాకోగ్రాఫ్ తప్పనిసరి. డ్రైవరు తన కార్డును అందులో పెట్టాకే ప్రయాణం మొదలవుతుంది. అది వేగాన్నే కాక, ఎన్ని గంటలు నడిపాడో, ఎంతసేపు విశ్రమించాడో కూడా రాసిపెడుతుంది. నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావు గంట విశ్రాంతి తీసుకోవలసిందే. మనకూ 1961 నుంచి 2025 దాకా మోటారు రవాణా కార్మికుల చట్టం ఉండేది. రోజుకు ఎనిమిది గంటల పని, వరుసగా ఐదు గంటలకు మించి నడిపే ముందు కనీసం అరగంట విశ్రాంతి అని అందులో ఉండేది. దానిని కొలిచే యంత్రం మాత్రం మన లారీలలో లేదు. వేగానికి కూత పెట్టాము, నిద్రకు పెట్టలేదు.

నిద్ర ప్రస్తావన వస్తే మదనపల్లెవారికి 2021 ఫిబ్రవరి 14 గుర్తుకు రాక మానదు. అజ్మీరుకు బయలుదేరిన మన ఊరివారి వాహనం తెల్లవారుజామున కర్నూలు జిల్లా మాదారపురం దగ్గర లారీని ఢీకొంది. పద్నాలుగు మంది పోయారు. ఆనాటి కారణాల జోలికి నేను పోను. వైద్యునిగా ఒక్కటి మాత్రం చెప్పగలను. రాత్రి రెండు నుంచి ఐదు గంటల మధ్య మనిషి శరీర ఉష్ణోగ్రత, మెలకువ రెండూ అడుగంటుతాయి. ఎంత అనుభవమున్న డ్రైవరుకైనా ఆ వేళ రెప్పపాటు నిద్రలు తెలియకుండానే వస్తాయి. 80 వేగంలో మూడు సెకన్లు కళ్లు మూతపడితే బండి 66 మీటర్లు డ్రైవరు లేకుండా పోయినట్టే.

మా డ్రైవరు విషయంలో ఏం చేయాలన్నది నాకు సులభంగా తేలలేదు. ఉన్నదున్నట్టు రాసి ఇస్తే అతని ఉద్యోగం పోతుంది. రాయకపోతే నాది రెండో తప్పవుతుంది. చివరకు అతని అనుమతితో యజమానిని పిలిపించి ఆడియోగ్రాము చూపించాను. ఆయన మొదట నమ్మలేదు. నా గడియారంతోనే నమ్మించాను. ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చేత మొద్దు గొంతుతో మోగే మరో బజరు, డ్రైవరు చూపుకు ఎదురుగా ఒక ఎర్ర దీపం పెట్టించారు. చెవిలో దూది పెట్టుకుంటే చాలదని, కిటికీ మూసుకోవడం మేలని డ్రైవరుకు చెప్పాను. వేసవిలో ఆ క్యాబిన్‌లో కిటికీ మూసుకోమనడం ఎంత తేలికో చెప్పిన నాకే తెలుసు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. వేడి సంగతి అటుంచి చెవులకైనా అది కొంత మేలు.

రెండేళ్ల తరువాత లైసెన్సు పునరుద్ధరణకు ఫారం పట్టుకుని మళ్లీ వచ్చాడు. ఈసారి పరీక్ష చేయించాకే కాగితం తీశాను. ఆ బావి 3000 హెర్ట్జ్ వైపు కూడా వ్యాపించింది. రాత్రి పూట దూరపు లోడు వద్దని యజమానికి విడిగా ఉత్తరం రాశాను. ఆయన అతనిని పుంగనూరు, కుప్పం మధ్య పగటి సరుకుకు మార్చాడు. బత్తా సగానికి పడిపోయిందట. ఆ సంగతి క్లీనరు చెప్పాడు; అతను నా దగ్గరకు మళ్లీ రాలేదు.

ఆ క్లీనరు కుర్రవాడే ఇప్పుడు చెన్నై లోడు తోలుతున్నాడు. మొన్న ఇంటికి వచ్చి, గడియారం ఇంకా ఉందా సార్ అని అడిగాడు. రెండు చెవులకూ పెట్టి చూశాను. వినిపించింది.