మా పాలపిట్ట

నేను తిరువళ్ళూరులో గుమాస్తాను, కాపురం తిరుత్తణిలో. సెలవు రోజుల్లో రాష్ట్రపక్షుల ఫొటోలు తీయడం నాకున్న ఒక్క వ్యసనం. తమిళనాడు పక్షి మరకత పావురం. అడవి నీడల్లో నేలమీద గింజలేరుకు తినే బిడియపు పిట్ట, నాకింతవరకూ చిక్కలేదు.

పాలపిట్ట అట్లా కాదు. దసరానాడు కనబడితే శుభమని మన పెద్దలు వెదికే పిట్ట. మొన్న పొలాలవెంట కరెంటు తీగమీద కూర్చున్నది. పురుగుకోసం క్రిందికి దిగినప్పుడు రెక్కల నీలమంతా ఫొటోలో పడింది.

"మన ఆంధ్ర పక్షి!" అన్నారు మా నాన్నగారు సంబరంగా.

"కాదు తాతా, అది తెలంగాణది, కర్ణాటకది. 2018 నుంచీ ఆంధ్రప్రదేశ్ పక్షి రామచిలుక" అని దిద్దింది మా అమ్మాయి.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. అప్పుడు నేనూ, ఈ పిట్టా ఎక్కడికీ కదలలేదమ్మా" అన్నారు.

పిల్లకు బడిలో తెలుగు లేదు. అయినా ఆ రాత్రి ఫొటో క్రింద తెలుగులో "మా పాలపిట" అని వ్రాసింది. తాతగారు కలం తీసి, ట క్రింద ఒత్తు పెట్టి, ఆల్బం నాకందించారు.