నడిమి సీటు

మా వారు లెక్సస్ ఈఎస్ 350 కొందామన్న రోజు నుంచీ ఇంట్లో కారు పేరు కన్నా దాని తోక పేర్లే ఎక్కువ వినబడుతున్నాయి. ప్రీమియం, లగ్జరీ, అల్ట్రా లగ్జరీ, ఎఫ్ స్పోర్ట్. పట్టుచీరల కొట్టులో అంచు పెరిగే కొద్దీ ధర పెరిగినట్టే. ఇక్కడ మెట్టు ఎక్కే కొద్దీ డాలర్లు.

తేడా ఏమిటా అని కూర్చుని చదివాను. 2019 మోడల్‌తో మొదలైన తరంలో ఈఎస్ 350 ఏ రకం తీసుకున్నా ఇంజను ఒకటే, 3.5 లీటర్ల వి6. ముందు బండి మరీ దగ్గరైతే తనంతట తాను బ్రేకు వేసే ఏర్పాటు, 10 ఎయిర్‌బ్యాగులు అన్నిటికీ ఉన్నాయి. అంటే ప్రాణానికి కాదు, ఒంటికి కట్టే డబ్బన్నమాట. కింది రకంలో సీటు కృత్రిమ తోలు, లగ్జరీలో అసలు తోలు, అల్ట్రాలో ఇంకా మెత్తటి తోలు. ఏమాటకామాటే చెప్పాలి, నాకు కృత్రిమమే నచ్చింది. పులిహోర పడితే తడిగుడ్డతో తుడిచేయొచ్చు.

మావాడు ఎఫ్ స్పోర్ట్ అంటాడు. దానికి 19 అంగుళాల చక్రాలు, కింది రకానికి 17. చక్రం పెద్దదైతే టైరు పలచబడి రోడ్డు మీది గతుకు నేరుగా నడుముకి తగులుతుంది. మా అత్తయ్యగారి నడుము సంగతి వాడికేం తెలుసు!

డాలస్ ఎండకి సీటు కింద నుంచి చల్లగాలి వస్తుందని ఈయన మురిసిపోయారు. వచ్చేది ముందు రెండు సీట్లకే. అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చారంటే ఆరు నెలలుంటారు. మావయ్యగారు ముందు, అత్తయ్యగారు కిటికీ పక్కన, వాంతులవుతాయని అమ్మాయి రెండో కిటికీ పక్కన. బాబుకి కాలేజీ ఉంటుంది కాబట్టి ఇంట్లోనే. పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి నాలుగు గంటలు నడుమ కూర్చునేది నేనే, కాళ్ల మధ్య ఆ గూనితో.

షోరూములో అల్ట్రా లగ్జరీ వెనక తలుపు తీసి, "మీరోసారి ఇక్కడ కూర్చోండి, నడుమ," అన్నాను. కూర్చున్నారు. అట్నించి కింది రకంలోనూ కూర్చోబెట్టాను. సేల్స్‌మన్ నవ్వు ఆపుకుంటున్నాడు.

"రెండూ ఒకటేగా," అన్నారు.

"అదే నేనూ చెప్పేది."

ప్రీమియం తీసుకున్నాం. అల్ట్రాకీ దానికీ మధ్య మిగిలిన డబ్బులోంచి డిసెంబరుకి నాకు టికెట్ కొన్నారు, తెనాలికి. అమ్మని చూసి మూడేళ్లయింది. కిటికీ పక్క సీటు అడిగి మరీ వేయించుకున్నాను.