ఇంకొక్క పేక

కోరికలలో కొన్ని చాలా మర్యాదస్తులు. చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, లోపలికి వచ్చి కూర్చుని, "నా వల్ల మీకు నాలుగు విషయాలు తెలుస్తాయి" అంటాయి. చెడ్డ అలవాట్ల మీది మోజయితే చిన్నప్పుడు బట్టీపట్టిన నీతి పద్యం ఏదో ఒకటి గుర్తుకు వచ్చి అడ్డుపడుతుంది. పుస్తకాలు, బొమ్మలు, పాత నాణేలు, కలాలు - వీటి మీది మోజుకు అడ్డుపడే పద్యమేదీ నాకు కంఠస్థం కాలేదు. గడచిన కొన్ని వారాలుగా నా ఎదుట అలా మర్యాదగా కూర్చున్న కోరిక ఒక టారో పేక. నా బీరువాలో ఇప్పటికే మూడున్నాయి. తాను నాలుగవది కావాలని దాని పట్టుదల. కారాదని నాది.

ముందుగా ఒక మాట. జోస్యం మీద నాకు నమ్మకం లేదు. టారో అనగానే చాలామంది మన చిలక జోస్యానికి సీమలో పుట్టిన అక్కగారని అనుకుంటారు. పుట్టుకతో అది జోస్యం కాదు, పేకాట. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలోని మిలాను, ఫెరారా వంటి నగరాల ప్రభువుల కొలువులలో, మామూలు నాలుగు రంగుల పేకకు బొమ్మల తురుపులను చేర్చి ఆడిన ఆట. మొత్తం 78 ముక్కలు. అందులో 56 మామూలువి: పాత్రలు, నాణేలు, కత్తులు, కర్రలు అనే నాలుగు రంగులు, రంగుకు 14 చొప్పున. మిగిలిన 22లో 21 తురుపులు, ఒకడు పిచ్చివాడు. ఆ తురుపులను మొదట ట్రియోంఫీ అన్నారు. ఆంగ్లంలోని ట్రంపు ఆ మాట సంతానమే, మన తురుపూ ఆ కుటుంబంలోనిదే. ఇటలీవారు కత్తులను స్పాదే అంటారు. మనం ఇస్పేటు రాజును విసిరినప్పుడు వినబడేది ఆ పాత కత్తి చప్పుడే.

ఈ ఆటకు జోస్యపు కీర్తి వచ్చినది 18వ శతాబ్దంలో. 1781లో కూర్ ద జెబ్లాన్ అనే ఫ్రెంచి పండితుడు, ఇది ఆట కాదనీ, ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానగ్రంథమనీ ప్రకటించాడు. ఆ నాటికి ఈజిప్టు చిత్రలిపిని చదవగలిగినవాడు లోకంలో ఒక్కడూ లేడు. షాంపోలియన్ దాని గుట్టు విప్పినది 1822లో. కాదనగలవారు లేని చోట కథకు కాళ్ళు రావడం సహజమే కదా!

కాబట్టి నాకు వీటి మీద ఉన్నది బొమ్మల మోజు. నా మూడింటిలో మొదటిది, మిలాను ప్రభువుల కోసం సుమారు 1450లో బంగారు రేకు మీద చేతితో చిత్రించిన పేకకు నకలు. అసలు ముక్కలలో ఇప్పుడు మిగిలినవి 74. అవైనా ఒక చోట లేవు. న్యూయార్కులోని మోర్గన్ గ్రంథాలయంలో 35, ఇటలీలో బెర్గమో నగరపు కర్రారా అకాడమీలో 26, ఆ నగరపు కొల్లియోని కుటుంబం వద్ద 13. సైతాను, పిడుగు పడిన బురుజు, నాణేల రౌతు, కత్తుల మూడు - ఈ నాలుగింటి జాడ లేదు. నకలులో వాటిని ఈ కాలపువారు ఊహించి గీసి చేర్చారు. రెండవది మార్సెయి సంప్రదాయపు ఫ్రెంచి పేక. చెక్క అచ్చుల మోటు గీతలు, నాలుగే నాలుగు రంగులు, చూడగానే మన తోలుబొమ్మలు గుర్తుకు వస్తాయి. మూడవది 1909లో లండనులో వెలువడినది. నేడు లోకమంతా టారో అంటే కళ్ళకు కట్టేది ఈ మూడవదే.

ఇక రమ్మని పిలుస్తున్న ఆ నాలుగవదాని సంగతి. దాని పేరు సోలా బుస్కా. 1490 ప్రాంతంలో రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన ఇటలీ పేక. 78 ముక్కలూ పోకుండా నిలిచిన ప్రాచీన టారోలలో దానికి సాటి లేదు. 2009లో ఇటలీ ప్రభుత్వం దానిని కొని మిలానులోని బ్రెరా చిత్రశాలకు అప్పగించింది. అంతకు నూరేళ్ళ ముందు, 1907లో, దాని ఛాయాచిత్రాలు లండనులోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. రెండేళ్ళకే పామెలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి నా మూడవ పేకను గీసింది. సోలా బుస్కాలో మూడు కత్తులు గుచ్చుకున్న గుండె ఉన్నది. పామెలా గీసిన కత్తుల మూడులోనూ మూడు కత్తులు గుచ్చుకున్న గుండే ఉన్నది. ఆమె ఆ ఛాయాచిత్రాలను చూసే ఉంటుందని చరిత్రకారులు భావిస్తారు. మిలాను పేకలో తప్పిపోయిన కత్తుల మూడు అలా వేరొక దారిలో నా బీరువాకు చేరిందన్నమాట. ఈ వంశవృక్షంలో నా దగ్గర లేని కొమ్మ ఒక్కటే. దానిని తెచ్చుకుంటే చిత్రం పూర్తవుతుంది.

చూశారా, నా కోరిక తరఫున వాదించే వకీలు ఎంత చదువుకున్నవాడో! అయితే ఈ వకీలును నేను ఎరుగుదును. ఈ కేసు గెలిచిన మర్నాడే మరొక కేసు పట్టుకొస్తాడు. సోలా బుస్కా తర్వాత, చిత్రకారిణి ఫ్రీడా హారిస్ 1938 నుండి అయిదేళ్ళు శ్రమించి రంగులలో గీసిన థాత్ పేక అంటాడు. అది అయ్యాక, పరాయి దేశపు పేకలే తప్ప మన దశావతార గంజీఫా వద్దా, పది రంగులకు పన్నెండేసి చొప్పున 120 గుండ్రటి ముక్కలు, సావంతవాడిలో ఈనాటికీ చేతితో గీస్తున్నారు కదా అంటాడు. అతడు చెప్పే ప్రతి మాటా నిజమే. అందుకే అతనితో చిక్కు. "పూర్తవుతుంది" అన్న ఒక్క మాట మాత్రం నిజం కాదు. ప్రభువులు బంగారం పూయించిన పేకే నాలుగు ముక్కలు తక్కువై, మూడు చోట్ల పడి ఉన్నది. దాని అందానికి ఆ లోటు ఏమీ అడ్డు రాలేదు.

ఖరీదు సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ నకలుకు అయ్యే సొమ్ముతో నా ఇంట్లో ఒక నెల పాలూ కూరగాయలూ వచ్చేస్తాయి. అయినా నన్ను ఆపుతున్నది కేవలం డబ్బు కాదు. పామెలా ఆ 1909 నవంబరులోనే న్యూయార్కులోని ఛాయాచిత్రకారుడు స్టీగ్లిట్జ్‌కు రాసిన జాబులో, చాలా తక్కువ సొమ్ముకు చాలా పెద్ద పని ముగించానని చెప్పుకున్నది. పేకకు ప్రకాశకుని పేరూ, రాయించిన పండితుని పేరూ కలిసి రైడర్-వెయిట్ అన్న పేరు స్థిరపడింది. గీసిన చేయి పేరు చాలాకాలం ఎవరూ పలకలేదు. 1951లో కార్న్‌వాల్‌లోని బ్యూడ్ అనే సముద్రతీరపు ఊరిలో ఆమె కన్నుమూస్తే, మిగిలిన సామాను అప్పుల కింద అమ్ముడుపోయింది. ముక్కల మీద మాత్రం ఒక మూల, తన పేరులోని మొదటి అక్షరాలను తీగలా పెనవేసి వదిలి వెళ్ళింది. ఇప్పుడు నేను ఎన్ని పేకలు కొన్నా ఆమెకు దమ్మిడీ చేరదు. ఆమెకు నేను తీర్చగలిగిన బాకీ చూపు ఒక్కటే. ఒక్కొక్క ముక్క వద్దా ఆగి, ఆమె ఏమి గీసిందో చూడటం. కొనడానికి అయిదు నిమిషాలు చాలు. చూడటానికి ఏళ్ళు పడుతుంది.

ఆ సంగతి నాకు నేర్పినది మా అమ్మ.

అమ్మ గోదావరి లంకలో పుట్టిన మనిషి. ఆసు, రాజు, రాణి, జాకీ తప్ప టారో అన్న మాట వినలేదు. పడుచుతనంలో అక్కచెల్లెళ్ళతో పండుగ రాత్రులు పేకాడి కళావరు, ఆఠీను, డైమను బాగా ఎరుగును. చివరి సంవత్సరం తుంటి ఎముక విరిగి మంచానికి పరిమితమైనప్పుడు, కాలక్షేపానికి నేను ఈ 1909 నాటి పేకను ఆమె దుప్పటి మీద పరిచేవాణ్ణి. రోజుకు ఒకటో రెండో ముక్కలు. అర్థాలు నేను చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. కళ్ళజోడు సవరించుకుని, ముక్కను కిటికీ వెలుగుకు తిప్పి, తనకు కనబడినది చెప్పేది.

కొండ కొమ్మున లాంతరు పట్టుకు నిలిచిన సన్యాసిని చూసి, "కరెంటు పోయినట్టుందిరా" అన్నది. పది కర్రలు కావలించుకుని నడుము వంగి నడుస్తున్నవాణ్ణి చూసి, "ఇంటిదాకా వెళ్ళగలడా? ఎవరైనా చేయి వేస్తే బాగుండును" అన్నది. నాణేల నాలుగులో ఒకడు కూర్చుని ఉంటాడు. నెత్తిన ఒక నాణెం, గుండెలకు అదుముకున్నది ఒకటి, రెండు పాదాల కిందా రెండు. అమ్మ చాలాసేపు చూసి, "వీడు అన్నానికి ఎలా లేస్తాడురా?" అన్నది. లోభమనీ, అభద్రత అనీ గ్రంథాలు పేజీలకొద్దీ రాసినదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నది.

కత్తుల ఆరు మరీ ఇష్టపడింది. ఒక పడవ. వెనుక నిలబడి గెడ వేస్తున్న మనిషి. ముందు, ముసుగు కప్పుకుని వంగి కూర్చున్న స్త్రీ, పక్కనే చిన్న బిడ్డ. పడవ ముందు భాగాన నిలువుగా గుచ్చిన ఆరు కత్తులు. "పుట్టింటికి వెళుతున్నట్టు లేదు, పుట్టింటినుంచి వస్తున్నట్టున్నది" అన్నది అమ్మ. ఆ తర్వాత, "పడవకు అన్ని చిల్లులు పెడితే మునగదూ?" అన్నది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కొంతసేపటికి తనే, "తీయకూడదులే. కత్తి తీస్తేనే నీళ్ళు వస్తాయి. అలా ఉండనిచ్చి రేవు చేరాలి" అన్నది.

అమ్మ పోయి ఇప్పటికి రెండేళ్ళు. అప్పటినుండే కొత్త పేకల మీద నాకు ఇంత ఆరాటం ఎందుకు పెరిగిందా అని ఆలోచించాను. సోలా బుస్కా ముక్కలలో అమ్మ మాట ఒక్కటీ లేదు. వాటిని పరిస్తే చరిత్ర మాత్రమే పలుకుతుంది, వంశవృక్షం మాత్రమే కనబడుతుంది. నొప్పి లేని బొమ్మలు నాకు కావలసి వచ్చాయి. ఆ సంగతి తెలిసిన తర్వాత, నా వకీలు ఎంత చక్కగా వాదించినా, అతని వెనుక నిలబడి చీటీలు అందిస్తున్నది ఎవరో కనబడుతూనే ఉన్నది. కొత్త పేకను కొనడమంటే, ఆ పడవ కత్తులను ఒక్కొక్కటిగా పెరకడమే. అలా ఉండనిచ్చి రేవు చేరమన్న మనిషి మాట నేను మీరలేను.

మరొక కారణం కూడా ఉన్నది. అమ్మా నేనూ కలిసి చూసినవి 61 ముక్కలు. ఆషాఢంలో మొదలుపెట్టి, మార్గశిరం వచ్చేసరికి ఆమెకు చూపు నిలపడం కష్టమయింది. మిగిలిన 17 ముక్కలను వేరుగా, ఆమె పాత జేబురుమాలులో చుట్టి, అదే పెట్టెలో ఉంచాను. వాటిని కూడా నేను పుస్తకాలలో చూసి ఉన్నాను, అర్థాలు కూడా తెలుసును. కానీ అమ్మ చూసిన పద్ధతిలో, అర్థం పక్కన పెట్టి, కిటికీ వెలుగుకు తిప్పి నేను వాటిని చూడలేదు. అంటే నా బీరువాలో ఇంతవరకూ విప్పని కొత్త పేక ఒకటి ఉండనే ఉన్నది. దానికి సొమ్ము చెల్లించనక్కరలేదు.

ఈ ఆదివారం నుండి వారానికి ఒకటి చొప్పున ఆ 17 ముక్కలను తీయాలని నిశ్చయించుకున్నాను. నాలుగు నెలల పని. అప్పటికీ సోలా బుస్కా పిలుపు వినబడుతూనే ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం. మీ ఇళ్ళలోనూ ఇటువంటి బీరువాలు ఉండే ఉంటాయి. కొత్తది తెచ్చేముందు ఉన్నవాటిలో ఇంకా విప్పనిది ఏమైనా మిగిలిందేమో ఒకసారి చూడండి.

రుమాలు విప్పగానే పైన ఉన్న ముక్క కత్తుల మూడు. ఎర్రని గుండె, దానిలోకి దిగిన మూడు కత్తులు. ఇన్నేళ్ళుగా నేను అక్కడే ఆగిపోతూ వచ్చాను. ఈసారి కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళి చూస్తే, గుండె వెనుక బూడిదరంగు మబ్బులు ఉన్నాయి. వాటి కిందినుండి ఏటవాలుగా సన్నని గీతలు. వాన కురుస్తున్నది. అమ్మ అయితే మొదట ఆ వాననే చూసి ఉండేది. గుండె సంగతి తర్వాత, ముందు డాబా మీద ఆరవేసిన బట్టలు తీసుకురమ్మని నన్ను పంపి ఉండేది.