ఒంటరి కోతికొమ్మచ్చి

శనివారం పొద్దున్న మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక పసుపు కాగితం అంటించి ఉంటుంది. "చెట్టు మీద ఉన్నాను. పదకొండుకి దిగుతాను." అంతే. పదకొండున్నరకి కూడా నేను వంటింట్లో కనబడకపోతే మా ఆవిడ పెరట్లోకొచ్చి పైకి చూడాలి. అది మా ఒప్పందం. ఒకసారి ఆవిడ ఆ కాగితం కిందే "బేతాళుడు మళ్ళీ చెట్టెక్కాడు. కాఫీ మాత్రం దిగాకే" అని రాసింది. ఆ కాగితం దాచుకున్నాను.

అరవై రెండేళ్ళవాడు పనిగట్టుకుని చెట్లెక్కుతాడంటే నవ్వొస్తుంది కదూ. ఇండియా నుంచి వచ్చిన మా బావగారు "అక్కడ కాయలేమైనా ఉన్నాయా?" అని అడిగారు. లేవు. అది వైట్ ఓక్. కాసేవి ఉడతలకి పనికొచ్చే కాయలు. మా పక్కింటి పెద్దావిడ మొదటిసారి నన్ను తాడుకి వేలాడుతూ చూసి కంగారుగా వచ్చి "మీ పిల్లి ఎక్కడ ఇరుక్కుంది?" అంది. మాకు పిల్లి లేదని చెబితే ఆవిడ కంగారు ఇంకా పెరిగింది.

నిజానికి ఈ పిచ్చికి మా ఊరే పుట్టిల్లు. పీటర్ జెంకిన్స్ అనే ఆయన, చెట్ల సంరక్షణ వృత్తిలో ఉన్నవాడు, 1983లో ఇక్కడ అట్లాంటాలో ట్రీ క్లైంబర్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పెట్టి, చెట్లు కొట్టే పనివాళ్ళ తాళ్ళూ ముళ్ళూ మామూలు జనానికి సరదా కోసం నేర్పడం మొదలుపెట్టాడు. నేను 1989లో ఈ ఊరికి వచ్చి కూడా ఇరవై రెండేళ్ళు ఆ సంగతి ఎరగను. పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్ళిపోయాక, ఇల్లు బోసిపోయిన ఒక వేసవిలో, ఒక పరిచయస్తుడు తన గురువుగారి దగ్గరికి తీసుకెళ్ళాడు. మొదటిరోజే ముప్ఫై అడుగుల ఎత్తున కూర్చుని కిందికి చూస్తే ఏడుపొచ్చింది. భయంతో కాదు. ఎందుకో తర్వాత చెబుతాను.

పైకి వెళ్ళడం పెద్ద విద్యేమీ కాదు. సీసపు గుళ్ళు నింపిన చిన్న సంచికి సన్నటి దారం కట్టి, నచ్చిన కొమ్మ మీదుగా విసరాలి. ఆ దారంతో అసలు తాడుని లాగాలి. తాడు ఒక కొస నడుముకీ తొడలకీ బిగించుకున్న శాడిల్‌కి. రెండో వరస మీద బ్లేక్స్ హిచ్ అనే ముడి. నాలుగు చుట్లు పైకి చుట్టి, కొసని కిందికి తెచ్చి, కింది రెండు చుట్ల వెనకనుంచి దూర్చాలి. బరువు పడితే ఆ ముడి బిగుసుకుంటుంది, బరువు తీస్తే జరుగుతుంది. ఇంత చిన్న సంగతి మీద మనిషి ప్రాణం ఆధారపడి ఉంటుంది. (ఇది చదివి ఎవరూ తాడు కొనుక్కుని పెరట్లోకి వెళ్ళకండి. నేర్పేవాళ్ళ దగ్గర, నేల మీద, ఆర్నెల్లు ముళ్ళు వేశాకే నేను ఒంటరిగా ఎక్కాను.)

పైకి వెళ్ళడం ఓపికతో అయ్యే పని. పక్కకి వెళ్ళడమే విద్య.

మా ఊళ్ళో తాళ్ళెక్కే గౌడలు నడుముకీ చెట్టుకీ కలిపి మోకు వేసుకునేవాళ్ళు. తాటిచెట్టుకి కొమ్మలుండవు కాబట్టి ఒక్క మోకుతో మొవ్వుదాకా వెళ్ళిపోవచ్చు. ఓక్ చెట్టుతో అలా కుదరదు. నాలుగడుగులకో కొమ్మ అడ్డం వస్తుంది. అడ్డం వచ్చిన కొమ్మని దాటాలంటే మోకు విప్పాలి, విప్పితే ఆ క్షణం మనం గాల్లో దీపం. అందుకని రెండు మోకులు కావాలి. లాన్యార్డ్ అంటారు వీళ్ళు. రెండోది పై కొమ్మకి వేసి, కొక్కెం తగిలించి, చేత్తో లాగి చూసి, కూర్చుని బరువు వేసి చూసి, అప్పుడు మొదటిది విప్పాలి. కొక్కెం పడిన చప్పుడు నమ్మకూడదు. కళ్ళని కూడా పూర్తిగా నమ్మకూడదు. బరువు వేసి చూడాలి. మా గురువుగారు నాకు నేర్పింది ఇంతే, మిగతాదంతా దీనికి వ్యాఖ్యానం.

మా నాయనమ్మ పురాణ కాలక్షేపంలో విని చెబుతుండేది: మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది. పిల్లికూనని తల్లే నోట కరుచుకుని తీసుకెళుతుంది. ఇద్దరు ఎక్కినప్పుడు కిందవాడో పక్కవాడో కాస్త పిల్లితల్లి అవుతాడు. ముడి చూస్తాడు, "తాడు వదులైంది" అని కేకేస్తాడు. ఒంటరిగా ఎక్కేవాడు కోతిపిల్లే. ముడి వేసేదీ వాడే, దాన్ని అనుమానించేదీ వాడే.

ఇక ఆ ఏడుపు సంగతి.

మాది నూజివీడు దగ్గర ఊరు. అప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. 1974 వేసవి సెలవులు. నాకు పన్నెండు, తమ్ముడికి తొమ్మిది. ఊరి చివర దేశవాళీ మామిడి చెట్టు కింద గిరి గీసి, కర్ర విసిరి, కోతికొమ్మచ్చి ఆడుతున్నాం. దొంగ కర్ర తెచ్చి గిరిలో పెట్టేలోగా అందరం చెట్టెక్కేశాం. వాడు ఎక్కి ఎవర్నైనా ముట్టుకోవాలి, మేం దొరక్కుండా దిగి కర్ర ముట్టుకోవాలి. తమ్ముడు ఒక కొమ్మ చివర ఇరుక్కుపోయాడు. దొంగ వాడి వెనకే వస్తున్నాడు. నేను ఎదురు కొమ్మ మీద కాళ్ళు పెనవేసి, చెయ్యి చాపి, "వదిలెయ్యరా, నేను పట్టుకుంటాను" అని అరిచాను.

వాడు వదిలేశాడు.

నా చేతికి చొక్కా అందింది. చిరిగిన గుడ్డ ముక్క చేతిలో మిగిలింది. వాడి తొడ ఎముక విరిగింది. కట్టు కట్టించారు, అతుక్కుంది, కాని ఆ కాలు అంగుళం పొట్టిగా అతుక్కుంది. "ఎలా పడ్డావురా?" అని నాన్న అడిగితే వాడు నావైపు చూడకుండా "నేనే దూకాను" అన్నాడు. దానిమీద మా ఇద్దరి మధ్యా ఆ తర్వాత ఒక్క మాట కూడా జరగలేదు. నేను చదువుకున్నాను, ఇంజనీరునయ్యాను, విమానం ఎక్కాను. వాడు అక్కడే ఉండి అమ్మానాన్నల్ని చూసుకున్నాడు, మామిడితోటలు కౌలుకి చేశాడు. చెట్టు ఎక్కలేడు కాబట్టి గెడకి చిక్కం కట్టి కాయలు కోస్తాడు. ఎక్కాల్సిన చోటికి కూలీలని పెడతాడు.

ముప్ఫై అడుగుల ఎత్తున మొదటిసారి నా బరువంతా తాడు మోస్తున్నప్పుడు నాకు తట్టిందల్లా ఒక్కటే. ఇంత సులువా? ఆరడుగుల తాడు ముక్క వాడి నడుముకి ఉండుంటే!

పక్కకి వెళ్ళడం అన్నాను కదా, అందులో నాకు ఇష్టమైనది కొమ్మ మీద నడక. అసలు తాడు బాగా ఎత్తున, మాను దగ్గర కట్టి ఉంటుంది. మనం కింద కొమ్మ మీద చివరివైపు నడుస్తాం. నడుస్తామంటే నిటారుగా కాదు. వెనక్కి వాలి, బరువు తాడుకిచ్చి, పాదాలు కొమ్మకి ఆనించి, పక్కపక్కగా అడుగులు. కొమ్మ మనని మోస్తోందనుకోకూడదు. తాడు మోస్తోంది, కొమ్మ దారి చూపిస్తోంది. చివరికి వెళ్ళేకొద్దీ కొమ్మ సన్నబడి, వంగి, గాలికి మనతో సహా ఊగుతుంది. అక్కడ కాసేపు నిలబడితే అట్లాంటా మొత్తం అడవిలాగే కనిపిస్తుంది. ఇళ్ళు ఆకుల్లో మునిగిపోతాయి.

కాని ఎంత దూరం వెళితే తాడు అంత ఏటవాలు అవుతుంది. అక్కడ కాలు జారితే కింద పడం, లోలకంలా వెళ్ళి మానుకి కొట్టుకుంటాం. అందుకే రెండో మోకు కొమ్మ చుట్టూ వేసుకుని జరుపుకుంటూ పోవాలి. కొమ్మని కూడా చదవాలి. ఓక్ గట్టిది. ఇక్కడే ట్యూలిప్ పాప్లర్ అని ఎంతో అందంగా, నిటారుగా పెరిగే చెట్టు ఉంది, దాని కొమ్మలు చెప్పాపెట్టకుండా విరుగుతాయి. పొగిడి బోల్తా కొట్టించడాన్ని మునగచెట్టు ఎక్కించడం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఒక చెట్టు నుంచి పక్క చెట్టుకి, లేదా చెయ్యందని కొమ్మకి పోవాలంటే ఇంకో తంతు. ఉన్నచోటు నుంచే సంచి విసిరి, అవతల రెండో తాడు వేసుకోవాలి. అప్పుడు రెండు తాళ్ళ మధ్య వేలాడుతూ, అవతలది గుప్పెడు లాగి, ఇవతలది గుప్పెడు వదులుతూ పోవాలి. వంతెనల లెక్కలు కట్టిన బుర్ర కాబట్టి ఊరుకోలేను: రెండు తాళ్ళ మధ్య కోణం 120 డిగ్రీలైతే ఒక్కొక్క వైపూ మనిషి పూర్తి బరువంత లాగుడు పడుతుంది. ఇంకా చదునైతే అంతకంటే ఎక్కువ. అంటే నడిమధ్యన, ఎటూ కానప్పుడు, రెండు వైపులా భారం ఎక్కువ. అవతలికి చేరాక కూడా పాత తాడు వెంటనే లాగెయ్యకూడదు. కొత్త తాడు నేలదాకా అందుతుందో లేదో చూసుకోవాలి. పాతది ఒకసారి లాగేస్తే మళ్ళీ దానంతటది ఆ కొమ్మ ఎక్కదు.

ఇంత చెప్పే నేను రెండేళ్ళ కిందట నవంబరులో తప్పు చేశాను. మా ఆవిడ డాలస్‌లో అమ్మాయి దగ్గర ఉంది. అలవాటు కొద్దీ ఫ్రిజ్ మీద కాగితం అంటించాను. అది చదివేవాళ్ళు ఇంట్లో లేరన్న సంగతి అప్పుడు తట్టనేలేదు. కొమ్మ చివరదాకా వెళ్ళి తిరిగి వస్తున్నాను. వెళ్ళేటప్పుడు తాడు వదులుతూ వెళతాం, వచ్చేటప్పుడు అడుగు అడుక్కీ ముడి జరిపి ఆ వదులు లాగేసుకోవాలి. ఇంకెంత, ఎనిమిదడుగులే కదా అని మోకు ముందే విప్పేశాను. తాడు నా మోకాళ్ళ కింద ఉయ్యాలలా వేలాడుతోంది. రాత్రి కురిసిన వానకి కొమ్మ మీద నాచు తడిసి ఉంది. జారాను.

నాలుగడుగులు. అంతే పడ్డాను. అయితే తాడు సాగి, ఊగి, మాను వచ్చి పక్కటెముకలకి తగిలింది. కాసేపు ఊపిరి అందలేదు. ముడి బిగుసుకుపోయి కదలదు. శాడిల్‌లో కాళ్ళు వేలాడేసి కదలకుండా ఉంటే రక్తం కాళ్ళలోనే నిలిచిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉందని నేర్పారు కాబట్టి పిచ్చివాడిలా కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాను. జేబులో ఫోను ఉంది. 911కి చేస్తే ఫైర్ ట్రక్ వస్తుంది, పక్కింటావిడ మళ్ళీ పిల్లి గురించి అడుగుతుంది. మూడో ప్రయత్నానికి మోకు మాను చుట్టూ పడింది. దానిమీద బరువు వేసి, ముడి వేళ్ళతో విడదీసి, దిగేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

మా ఆవిడకి గరాజ్‌లో నిచ్చెన తగిలిందని చెప్పాను. ఈ వ్యాసం అచ్చయ్యాక ఆవిడ చదువుతుంది. ఆ శనివారం సంగతి అప్పుడు చూసుకుందాం.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. ఎందుకు వాడికే చేశానో వివరంగా చెప్పక్కర్లేదనుకుంటాను. అక్కడ పొద్దున్న, వాడు తోటలో ఉన్నాడు. వీడియోలో వెనకాల గెడ, చిక్కం గోడకి ఆనించి ఉన్నాయి.

"ఎంత పడ్డావన్నయ్యా?"

"నాలుగడుగులు."

"నేను పన్నెండు పడ్డాను" అన్నాడు నవ్వుతూ.

యాభై ఏళ్ళకి ఆ మాట మా మధ్యకి వచ్చింది. నాకు గొంతు పూడుకుపోయింది. "నేనే వదలమన్నాను రా" అన్నాను.

"తెలుసు. అవతలి కొమ్మ నా చేతికి తగిలింది కూడా. రెండు వేళ్ళు పడ్డాయి. నువ్వు అరవకపోయినా దూకేవాణ్ణే."

ఇది నిజమో, 1974లో నాన్నతో చెప్పిన అబద్ధమే మళ్ళీ చెప్పాడో నాకు తెలియదు. వాడి మొహంలో ఏమీ దొరకలేదు. నేను ఇంకేదో అనబోతుంటే "సరేగాని, ఆ రెండు తాళ్ళ సంగతి ఎలాగో చూపించు. మా కూలీలు ఉత్త చేతులతో ఎక్కుతున్నారు, నాకు రోజూ గుండె దడే" అన్నాడు.

ఫోను డైనింగ్ టేబుల్ మీద నిలబెట్టి, రెండు కుర్చీలు ఎదురెదురుగా పెట్టాను. రెండు తాళ్ళు తెచ్చి ఒకటి ఈ కుర్చీకి, ఒకటి ఆ కుర్చీకి వేసి, మధ్యలో మనవరాలి ఎలుగుబంటి బొమ్మని కట్టాను. వాడు స్క్రీన్‌కి దగ్గరగా వచ్చి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. బొమ్మని సగందూరం తెచ్చి, కొత్త తాడు కొక్కెం తగిలించి, "ఇప్పుడు పాతది వదిలెయ్యనా?" అని అడిగాను.

"ఆగు" అన్నాడు తమ్ముడు. "ముందు కొత్తది లాగి చూడు."