స్టెప్నీలో గాలి ఉందా?



ఎల్లుండి మన యవనస్థులతో మారేడుమిల్లి కొండల్లో మూడు రోజుల క్యాంపుకు వెళ్తున్నాము. ఈరోజంతా జీపు దగ్గరే గడిచింది. డీజిల్, బ్రేకులు, కూలెంట్ చూశాము. బియ్యం, నీళ్ల క్యాన్లు కింద సర్ది, దోమతెరలు, టార్పాలిన్లు పైన కట్టాము. బరువంతా పైనుంటే మలుపుల్లో బండి ఒరుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులోనే దిగాలని, అదే పనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టదని పిల్లలకు చెప్పాను.

అన్నిటికంటే ముందు స్టెప్నీ దింపి గాలి చూశాను.

పోయిన ఏడాది క్యాంపులో ఉండగా, ఆ కొండ ఊరి బిడ్డకు రాత్రివేళ జ్వరం పెరిగింది. ఆస్పత్రికి బయలుదేరితే దారిలో టైరు పంక్చరైంది. స్టెప్నీలో గాలి లేదు. ఇంటి దగ్గర అరగంట ప్రయాణ ప్రార్థన చేసిన నేను, రెండు నిమిషాలు ఆ చక్రం చూడలేదు. ఊరివాళ్లు డోలీ కట్టి బిడ్డను రోడ్డుదాకా మోశారు. బిడ్డ బ్రతికింది, దేవునికి స్తోత్రం. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ బరువు.

మత్తయి 25వ అధ్యాయంలో పదిమంది కన్యకల చేతుల్లోనూ దివిటీలున్నాయి. తేడా అంతా విడిగా తెచ్చుకున్న నూనెలోనే. సిద్ధపాటు అవిశ్వాసం కాదు ప్రియులారా, పక్కవాని మీద ప్రేమ.

మా ప్రయాణం కొరకు ప్రార్థించండి. మీ బండి కూడా ఒకసారి చూసుకోండి. ఆమేన్.