గుడ్లది తప్పా, నీళ్లది తప్పా

“మావయ్యా, మళ్లీ అన్నీ చచ్చిపోయాయి” అని మా మేనల్లుడు ఫోన్ చేశాడు. డిసెంబరు నెల, ఆదివారం పొద్దున. అన్నీ అంటే ఫైటర్ చేప పిల్లలు. గుడ్డు పగిలి, ఈదడం మొదలుపెట్టి నాలుగు రోజులైనా కాలేదు.

వాడు గాజువాకలో చిన్న గది తీసుకుని ఉంటున్నాడు. డిప్లొమా మొదటి ఏడాదిలో లెక్కలు తప్పి చదువు ఆపేశాడు. ఊరు తిరిగి వెళ్లడానికి మొహం చెల్లలేదు. పగలు ఒక షాపులో సామాన్లు దించుతాడు, రాత్రి చేపలు చూసుకుంటాడు. ఆశ్రమ పాఠశాలలో ఉన్నప్పుడు విహారయాత్రకని రైల్లో విశాఖ తీసుకొచ్చి బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని చూపించారు. అప్పటినుంచి వాడికి చేపల పిచ్చి. జత కట్టించి పిల్లల్ని పెంచి రంగు చేపల షాపులకు అమ్మాలని వాడి లెక్క. ఇది రెండో ఈత. ఇదీ పోతే తొట్లు అమ్మేసి రేవులో కూలికి వెళ్తానన్నాడు.

అమ్మకి కంటి ఆపరేషన్ చేయించి, డాక్టరు మళ్లీ రమ్మన్న తేదీ దాకా నేను పెదగంట్యాడలో చుట్టాలింట్లో ఉన్నాను. అమ్మని వెంటబెట్టుకుని వాడి గదికి వెళ్లాను.

ఫైటర్ పిల్లలు చాలా చిన్నవి. కనురెప్ప వెంట్రుక ముక్కంత ఉంటాయి. పొడి మేత వేస్తే తినవు, నోటి ముందు కదిలేదాన్నే పట్టుకుంటాయి. ఉడికిన గుడ్డు సొన వేస్తే అడుగున చేరి నీళ్లు కుళ్లిపోతాయి. అందుకని చేపలు పెంచేవాళ్లు ఆర్టీమియా గుడ్లు కొని ఉప్పునీళ్లలో పొదిగిస్తారు. అది ఉప్పునీటిలో బతికే చిన్న జీవి, రొయ్యకు దూరపు చుట్టం. గుడ్లు గోధుమ రంగు పొడిలా ఉంటాయి. ఒక గ్రాములో రెండు మూడు లక్షలుంటాయి. అన్నీ సరిగ్గా ఉంటే ఒక రోజులో పగిలి అర మిల్లీమీటరు కూడా లేని నారింజ రంగు పిల్లలు బయటికొస్తాయి. మనవాడి సీసాలో రెండు రోజులైనా ఒక్కటీ రాలేదు. నీళ్ల మీద నురగ, అడుగున మట్టిలాంటి తెట్టు, కుళ్లు వాసన.

“షాపువాడు మోసం చేశాడు మావయ్యా. ఈ గుడ్లు మంచివి కావు” అన్నాడు. ఆ డబ్బా కొనడానికి వారం రోజులు ఓవర్‌టైమ్ చేశాడట.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. నేను టెన్త్ చదివేటప్పుడు ఒక మాస్టారు మా వరసను చూపించి, ఈ కొండ పిల్లల బుర్రకి లెక్కలెక్కవు అనేవారు. ఆయన్ని తిట్టుకుంటూనే పెరిగాను. డీఎడ్ చేసి, ఉద్యోగం వచ్చి, నాలుగేళ్లు తిరక్కముందే మా తరగతిలో ఒక పిల్లాణ్ని నేనూ అదే మాటన్నాను. వాడు మర్నాటి నుంచి బడికి రాలేదు. అందుకని, గింజ మంచిది కాదు అని ఎవరన్నా అంటే, ముందు నేల సంగతి చూద్దాం అనడం నాకు అలవాటైపోయింది. ఆ రోజూ అదే అన్నాను. “షాపుకి తర్వాత వెళ్దువు గాని. ముందు నువ్వేం చేశావో వరసగా చెప్పు.”

చెప్పాడు. కళ్లుప్పు నాలుగు గుప్పెళ్లు. కుళాయి నీళ్లు. డబ్బాలో పావు వంతు గుడ్లు. గుడ్లకు చీకటి కావాలని సీసా చుట్టూ నల్ల గుడ్డ. గాలి మోటారు గొట్టానికి రాయి తగిలించి సీసా మధ్యలో వేలాడదీశాడు.

ఉప్పు దగ్గరే ఆగాను. “ఇంతెందుకు?” అంటే, “ఉప్పు సరస్సులో పుట్టేది కదా మావయ్యా, ఎంత ఉప్పుంటే అంత మంచిదనుకున్నాను” అన్నాడు. కిరాణా షాపుకి వెళ్లి వాడి నాలుగు గుప్పెళ్లు తూయించాం. లీటరు నీళ్లకి నూట పాతిక గ్రాములు దాటింది. సముద్రపు నీళ్లలో ఉండేది లీటరుకి ముప్పై అయిదు గ్రాములు, మన తీరంలో ఇంకా తక్కువ.

వాడు అనుకున్నదాంట్లో సగం నిజముంది. బజారులో దొరికే డబ్బాల్లో చాలావరకు అమెరికాలో యూటా రాష్ట్రంలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వచ్చినవే. ఆ నీళ్లు సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పన. చేపలు అక్కడ బతకలేవు, అందుకే ఆర్టీమియా బతుకుతుంది. కానీ గుడ్లు ఆ ఉప్పులోనే పగలవు. చలికాలమంతా నీటి మీద తేలుతూ ఉంటాయి. మంచు కరిగి తియ్యనీళ్లు వచ్చి చేరి, పైనున్న ఉప్పు పలచబడ్డాక పొదుగుతాయి. గుడ్డు ముందు నీళ్లు తాగి ఉబ్బాలి. ఉప్పు మరీ ఎక్కువైతే నీళ్లు లోపలికి పోవు. ఉప్పుచేపకి ఉప్పు పట్టిస్తే నీరంతా బయటికి లాగేస్తుంది, మన సంతల్లో అందరూ చూసిందే. కొండమీద పండిన చింతపండు, పసుపు ఇచ్చి మనవాళ్లు ఒకప్పుడు ఉప్పూ ఉప్పుచేపా తెచ్చుకున్నది ఈ తీరంనుంచే.

గుడ్డు అంటున్నాం గానీ, లోపల పిండం అప్పటికే కొంత పెరిగి ఆగిపోయి ఉంటుంది. ఎండిపోయి, ఊపిరి ఆపేసినట్టు ఏళ్ల తరబడి ఉండగలదు. 1972లో అపోలో 16, అపోలో 17 నౌకల్లో చంద్రుడి దాకా ఈ గుడ్లను తీసుకెళ్లి చూశారు. ఇది చెబితే మావాడు డబ్బా వైపు కాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు.

“అన్నీ ఒకేసారి మార్చకూడదు, ఒక్కోటే మారుద్దాం” అన్నాను. మారిస్తే ఏది పని చేసిందో ఎలా తెలుస్తుంది? కూల్‌డ్రింక్ సీసాలు నాలుగు అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టాం. మూత వైపు సన్నగా ఉంటుంది కాబట్టి గుడ్లు ఒక మూల పేరుకోవు. గాలి గొట్టానికి రాయి తీసేసి, కొస అట్టడుగుకి దించాం. రాయి ఉంటే సన్న బుడగలు వచ్చి నురగ కడుతుంది, ఆ నురగతో గుడ్లు నీటి గీతకి పైన సీసా గోడకి అంటుకుని ఎండిపోతాయి. రోజుకి రెండుసార్లు వేలితో వాటిని కిందికి తోయాలి. కుళాయి నీళ్లు ముందురోజే పట్టి ఉంచాం, క్లోరిన్ పోతుందని. లీటరుకి ముప్పై గ్రాముల ఉప్పు, చిటికెడు వంట సోడా, గుడ్లు ఒక్క గ్రాము. మొదటి సీసా ఇంతే. రెండోదానికి నల్ల గుడ్డ. మూడోది కిటికీ దగ్గర. నాలుగోది పాతకాలపు నలభై వాట్ల బల్బు పక్కన. వాడి చేత ఒక నోటు పుస్తకం కొనిపించి, ఉదయం సాయంత్రం రాయమన్నాను. మొదట విసుక్కున్నాడు.

మర్నాడు పొద్దున కిటికీ దగ్గరి సీసాలో నీళ్లు ఇరవై ఒక్క డిగ్రీలున్నాయి. ఏజెన్సీ చలి ముందు విశాఖ చలి చలే కాదంటాం గానీ, ఆర్టీమియాకి ఇరవై ఎనిమిది కావాలి. బల్బు పక్కన ఉన్నది సాయంత్రానికి కదిలింది. మావాడు టార్చి వేసి చూసి కేక పెట్టాడు. దుమ్ము కదిలినట్టు నారింజ చుక్కలు. నీళ్లలో నానిన మొదటి గంటల్లో వెలుతురు తగిలితేనే చాలా గుడ్లు మేలుకుంటాయి. నల్ల గుడ్డ కట్టినదాంట్లో వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అయితే బల్బు సీసాలోనూ అడుగున పగలని గుడ్లే ఎక్కువ. ఎందుకో తేలలేదు. వాడు మధ్యలో తనకు తోచిన పని ఇంకోటి చేశాడు. ఉప్పు కొలిచే గొడవెందుకని పడవలు ఆగే చోట నుంచి ఒక క్యాను సముద్రపు నీళ్లు తెచ్చాడు. మీద డీజిల్ జిడ్డు రంగులు రంగులుగా తేలుతోంది. పారబోయించాను. ఇసుక తీరంలో నీళ్లయితే వడగట్టి వాడుకోవచ్చు. వానాకాలం చివర్లో మాత్రం గంగ, మహానది నీళ్లు తీరం వెంట దిగొచ్చి ఇక్కడ ఉప్పు తగ్గుతుంది.

అమ్మ ఇదంతా నల్లద్దాల్లోంచి చూస్తూ కూర్చుంది. మూడో రోజు డబ్బా ఇలా తెమ్మంది. మూత తీసి, వేళ్ల మధ్య పొడి నలిపింది.

“ఏట్రా, దీన్ని ఎక్కడ ఎట్టావు?”

“వంట గట్టు మీద అమ్మమ్మా.”

“ఎప్పట్నించి?”

“ఆషాడం నుంచి.”

“సెమ్మ తగిలిందిరా. ఉండలు కడతంది సూడు. ఇత్తనం అన్నాక పొయ్యి పైన కట్టాలి గానీ పక్కనెడతారేటి?”

మా ఇంట్లో చోళ్ల విత్తనం బూడిద కలిపి ఎండు సొరకాయ బుర్రలో పోసి, మూతి బిగించి, పొయ్యి పైన అటకకి వేలాడదీసేది. పొగకి పురుగు రాదు, సెగకి తేమ రాదు. విత్తే ముందు కొన్ని గింజలు తడిగుడ్డలో కట్టి చూసేది. విశాఖ వానాకాలంలో గాలి ఎలా ఉంటుందో తెలుసుగా, ఉప్పు డబ్బాలో ఉప్పు కరిగిపోతుంది. అన్నం ఆవిరి తగిలే గట్టు మీద ఆరు నెలలు మూత సరిగ్గా లేని డబ్బా. తేమ తగిలితే ఆగి ఉన్న పిండం సగం మేలుకుని, దాచుకున్న బలం ఖర్చు పెట్టేసుకుని చచ్చిపోతుంది. మళ్లీ ఎండబెట్టినా తిరిగి రాదు.

అమ్మ మాట నిజమో కాదో లెక్క తేల్చుకోవాలి కదా. బడిలో వాడే భూతద్దం నా సంచిలో ఉంది. తెల్లని పళ్లెంలో తడిపిన అగ్గిపుల్ల కొసతో గుడ్లు ఎత్తి వంద లెక్కపెట్టాం. ఉప్పునీళ్లు పోసి బల్బు కింద పెట్టి, ఒకటిన్నర రోజు తర్వాత పగలనివి లెక్కపెట్టాం. వందలో ముప్పై నాలుగు పొదిగాయి. చేపలు పెంచే ఇంకో కుర్రాడి దగ్గర ఫ్రిజ్‌లో ఉన్న గుడ్లు ఒక చెంచా అడిగి తెచ్చి అలాగే చేస్తే ఎనభై ఒకటి. అంటే నేను పంతం పట్టినట్టు తప్పంతా నీళ్లది కాదు. వాడు అన్నట్టు షాపువాడిదీ కాకపోవచ్చు. వాడి ముఖం చిన్నబోయింది. నాకూ కాస్త నామోషీగానే ఉంది, నేల నేల అని అంత గట్టిగా అన్నాను కదా.

ఉన్న డబ్బాని పారేయలేదు. మూడు రెట్లు గుడ్లు వేస్తే సరిపడా పిల్లలొస్తాయి. కానీ పగలని గుడ్లు, ఖాళీ పెంకులు కూడా మూడు రెట్లుంటాయి. అవి చేప పిల్ల మింగితే కడుపులో అడ్డుపడి చస్తుంది. ఇక్కడ మావాడు నాకంటే ముందున్నాడు. గాలి ఆపి పది నిమిషాలు వదిలేస్తే పెంకులు పైకి తేలతాయి, పగలని గుడ్లు అడుక్కి దిగుతాయి. మధ్యలో ఒక పక్క టార్చి పెడితే బతికున్నవన్నీ వెలుగు దగ్గరికి గుంపు కడతాయి. సన్న గొట్టంతో అక్కడినుంచి లాగి, పల్చని గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి తొట్టిలో వేస్తాడు. పొదిగిన వెంటనే వెయ్యాలి. మొదటి దశలో పిల్లకి నోరు పని చెయ్యదు, సొన మీదే బతుకుతుంది. రోజు గడిచేకొద్దీ ఆ బలం తరిగి చేపకి దక్కేది తక్కువవుతుంది. మిగిలితే ఫ్రిజ్‌లో ఉంచొచ్చు. మంచినీళ్లలో కొన్ని గంటలే బతుకుతాయి గనక కొంచెం కొంచెంగా వెయ్యాలి. పెంకు కరిగించే మందు పద్ధతి హేచరీల్లో ఉంది, ఇరుకు గదిలో ఆ ఘాటు వద్దన్నాను.

హేచరీ అనగానే గుర్తొచ్చింది. గ్రాముల్లో మావాడు చేసే ఈ పనినే విశాఖ నుంచి భీమిలి దాకా తీరం వెంట రొయ్య పిల్లల కేంద్రాల్లో కిలోల్లో చేస్తారు. ఎంపెడా 1980ల చివర్లో విశాఖ తీరంలో టాస్పార్క్ కేంద్రాన్ని పెట్టింది. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక హేచరీలు బాగా పెరిగాయి. రొయ్య పిల్లకి తొలి రోజుల్లో ఈ ఆర్టీమియాయే మేత. రాత్రుళ్లు వేడి, ఉప్పు, గాలి కొలిచి పుస్తకంలో రాసే మనుషులు అక్కడ కావాలి. మన కుర్రాళ్లకి ఈ పని ఉందనే తెలియదు. చెప్పేవాళ్లమూ తక్కువే. మావాడికి చెప్పాను, డిప్లొమా లేకుండా తీసుకుంటారా అని అడిగాడు. అడిగి చూడమన్నాను.

జనవరిలో మూడో ఈత వేశాడు. మగచేప బుడగల గూడు కింద కాపలా కాసింది. పిల్లలు ఈదడం మొదలైన మర్నాడు ఆర్టీమియా వేశాడట. సాయంత్రం ఫోటో పంపాడు. గాజు ముక్కల్లాంటి పిల్లల పొట్టలన్నీ నారింజ రంగులో ఉన్నాయి. అమ్మకి చూపిస్తే, కొత్త కంటితో దగ్గరగా పెట్టుకుని చూసి, “తిన్నాయిరా” అంది.

డబ్బా ఇప్పుడు షాపు యజమాని ఇంటి ఫ్రిజ్‌లో ఉంది, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి. మొన్న రాత్రి నాలుగు గంటలు కరెంటు పోయి గాలి ఆగి ఒక సీసా మొత్తం పోయిందట. బ్యాటరీ మోటారు ఎంతుంటుందని అడిగాడు. కరెంటు పోయిన టైము, వచ్చిన టైము పుస్తకంలో రాశావా అని అడిగితే, “రాశాను మావయ్యా, నువ్వు అడుగుతావని తెలుసు” అన్నాడు.